చెరగని సున్నం చుక్క

కొండ కింద బొరియలు తవ్వే పందికొక్కులు, రాళ్లు పడతాయని నెత్తిన కొబ్బరిచిప్ప బోర్లించుకునేవి. తొండ వాటిని పరీక్షించి, గట్టి చిప్పకు సున్నం చుక్క పెట్టేది. చుక్క లేనిదే పని లేదు.

ఓ పొద్దున పోలి అనే ఆడ పందికొక్కు మొగుడు తన చిప్ప తీసి తొండకు చూపించాడు. "అయ్యా, ఇది పగులిచ్చింది."

"చుక్క ఉందిగా! పగిలేదానికి నేను చుక్క పెడతానా?" అని తొండ కసురుకుంది.

మధ్యాహ్నం రాయి పడింది. చిప్పతో పాటు తలా పగిలింది.

మర్నాడు పిల్లల ఆకలి చూడలేక పోలే పనికొచ్చింది. తొండ అందించిన చిప్పను చూడగానే అది తన మొగుడిదేనని గుర్తుపట్టింది. రెండు ముక్కల్నీ తుమ్మబంకతో అతికించారు.

"ఒక్కసారి చూడండయ్యా," అంది పోలి.

"చుక్క చెరగలేదుగా. పద లోపలికి."

పోలి చిప్ప నెత్తిన పెట్టుకుంది. బంక ఇంకా తడిగానే ఉంది.