వేరే ఉప్పు

"ఇంతకీ ఆ రాళ్ల ఉప్పు తెచ్చిందెవరు?" డాక్టరు రాసిచ్చిన కాగితం బల్లమీద పెడుతూ అడిగింది కోడలు.

"షుగరుకి మంచిదని నువ్వే చెప్పావు కదా," అన్నాడు కొడుకు.

"నేను చెబితే ఎప్పుడైనా విన్నారా మీరు? ఆఫీసులో ఎవరో చెప్పారని రెండు కిలోలు మోసుకొచ్చారు."

మధ్యలో కూర్చున్న అత్తగారు ఉక్కపోతలోనూ శాలువా బిగించి కప్పుకుంది. షుగరు వచ్చిన దగ్గర్నుంచి ఐదేళ్లుగా ఆవిడ కూర వేరు, ఉప్పు వేరు, వేళ వేరు. ఏడింటికి వంటింట్లో ఒక్కతే తినేసేది. తొమ్మిదింటికి మిగతావాళ్లు కూర్చుని నవ్వుకుంటుంటే గదిలోంచి వినేది. ఈమధ్య అదీ లేదు. తినగానే నిద్ర ముంచుకొచ్చేది. వయసు మీద పడిందనుకున్నారు అందరూ.

"థైరాయిడ్ మందగించిందట నానమ్మా. రోజూ ఒక మాత్ర వేసుకోవాలట," కాగితం అందుకుని చదివింది మనవరాలు. "ఆ ఉప్పులో అయోడిన్ ఉండదట. మేం తినే ప్యాకెట్టు ఉప్పే నువ్వూ తినాలట, కాస్త తక్కువగా."

"అంతేగా అమ్మా. రేపట్నుంచి నీ కూరలో ప్యాకెట్టు ఉప్పే వేయిస్తాను," అన్నాడు కొడుకు.

నీ కూర. ఎంతో జాగ్రత్తగా, ప్రేమగానే వీళ్లు తనని పక్కన పెట్టేశారని ఆవిడకి అప్పుడర్థమైంది. కోపం రాలేదు. అందరితో కలిసి తింటానని తనైనా ఒక్కసారి అడిగింది కాదు.

"నాకు వేరే కూర వద్దురా," అంది మెల్లిగా. "అందరి కూరలోనూ ఉప్పు తగ్గించండి. రేపట్నుంచి అందరం ఏడింటికే తిందాం."