వంపు దగ్గర గంట

ట్రింగ్... ట్రింగ్!

చెవి పక్కనే గంట మోగేసరికి ప్రెసిడెంటమ్మ ఉలిక్కిపడి పక్కకు గెంతింది.

గెంతాక గుర్తొచ్చింది, కొత్తగా వేయించుకున్న మోకాలితో గెంతకూడదని.

ఎలక్ట్రిక్ సైకిలు ఒకటి చప్పుడు లేకుండా ఆమెను దాటి వంపు తిరిగిపోయింది. తొక్కే మనిషికి హెల్మెట్టు, వెనక సీటు మీద ఇంత లావు సంచీ.

"చూశారా వదినా, గంటల రాయుడు!" అంది పక్కింటావిడ. "ఎదురుగా పిట్ట కూడా లేదు. అయినా సరే, ఈ వంపు దగ్గరికి రాగానే మోగించాల్సిందే."

"మనల్ని హడలగొట్టడం సరదా కాబోలు."

ప్రెసిడెంటమ్మ అంటే కాలువ గట్టు నడక సంఘానికి ప్రెసిడెంటు. ఆ పదవి ఊరికే రాలేదు. ఒకప్పుడు ఇదే వంపు దగ్గర కుక్కల గుంపు కాపుకాసేది. నడిచేవాళ్ళు అక్కడిదాకా వచ్చి వెనక్కి పరుగెత్తేవాళ్ళు. ఆమె కార్పొరేషనుకు అర్జీ రాసింది. కొన్నాళ్ళకు కుక్కలు కనిపించడం మానేశాయి. ఇంకేం, అర్జీ అంటే అదీ అని అందరూ చప్పట్లు కొట్టి ఆమెను ప్రెసిడెంటును చేశారు.

కుక్కల పీడ వదిలిందనుకుంటే దాని బదులు ఈ సైకిలు దాపురించింది.

ఇంట్లో కోడలు ముందే తేల్చి చెప్పింది: "అత్తయ్యా, ఇంకోసారి పడ్డారంటే ఇక మీ నడక బాల్కనీలోనే."

ఆ బాల్కనీలో అటు తిరిగితే గోడ, ఇటు తిరిగితే గోడ. కబుర్లు చెప్పుకుందామంటే వాషింగ్ మెషీన్ తప్ప మరో ప్రాణి ఉండదు.

మర్నాడు ఆమె బాటకు అడ్డంగా నిలబడింది.

సైకిలు ఆగింది. ఎవడో కుర్రాడనుకుంది గానీ, హెల్మెట్టు కింద నెరిసిన మీసం కనిపించింది.

"ఇది నడిచేవాళ్ళ బాటండీ. మోటారు బండ్లు రాకూడదు."

"ఇది సైకిలే అమ్మా. తొక్కితేనే కదులుతుంది."

"బ్యాటరీ ఉందా, లేదా?"

"ఉంది."

"అయితే బండే!"

"మామూలు సైకిళ్ళ వాళ్ళు మీ పక్కనుంచే రివ్వున పోతున్నారు. వాళ్ళకన్నా నేనే నెమ్మది కదమ్మా."

"వాళ్ళు ఒళ్ళు వంచి తొక్కుతున్నారు."

"మోకాళ్ళు అరిగింది మీకొక్కరికేనా? మీరు కొత్తది వేయించుకున్నారట. నేను మోటారు పెట్టించుకున్నాను."

పక్కింటావిడకు నవ్వొచ్చింది. ప్రెసిడెంటమ్మ చూపు చూసి దాన్ని దగ్గుగా మార్చుకుంది.

"మరి ఆ గంటెందుకు, కొంపలంటుకున్నట్టు?"

"వంపు దగ్గర చిన్న పనుందమ్మా. నేను రాకపోతే మీకే ఇబ్బంది."

"అబ్బో! మీరు రాకపోతే మాకు తెల్లారదా ఏం?"

ఆయన ఆమెను చుట్టుకుని వంపువైపు సాగిపోయాడు.

సంఘం సమావేశమైంది. వారం తిరక్కుండా బాట మొదట్లో బోర్డు వెలిసింది: "ఎలక్ట్రిక్ సైకిళ్ళకు ప్రవేశం లేదు."

మొదటిరోజు ఆయన దాని ముందు ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, పైనుంచి కిందిదాకా చదివాడు.

"రూలంటే రూలే," అని సైకిలు రోడ్డువైపు తిప్పాడు.

"ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు వదినా!"

"బోర్డు పడాల్సిన చోట పడితే ఎవరైనా ఒప్పుకుంటారు," అంటూ ప్రెసిడెంటమ్మ చేతులు ఊపుకుంటూ వంపు తిరిగింది.

బాట నిండా కుక్కలు!

నల్లవీ, గోధుమరంగువీ, ఒంటి చెవిదీ. అన్నీ లేచి తోకలాడిస్తూ మీదికొచ్చాయి. ఆ సమయంలో తోకలు చూసే తీరిక ఎవరికుంది?

మరుక్షణం ప్రెసిడెంటమ్మ సిమెంటు బెంచీ మీద ఉంది. ఎలా ఎక్కిందో ఆ కొత్త మోకాలికే తెలియాలి. ఆమె వెనక, ఆమె భుజాలు గట్టిగా పట్టుకుని పక్కింటావిడ.

"వదినా, ఇవి మీ అర్జీతో పోయాయి కదా?"

"నన్నడుగుతావేం? వాటినే అడుగు!"

ఒంటి చెవిది ముందుకాళ్ళు బెంచీ మీద పెట్టి ఆమె బూట్లు వాసన చూసింది. ప్రెసిడెంటమ్మకు కళ్ళ ముందు బాల్కనీ మెదిలింది.

ట్రింగ్... ట్రింగ్!

ఈసారి గంట మోగింది పైన రోడ్డు మీద. కుక్కలన్నీ ఒక్కసారిగా చెవులు నిక్కించి, బడిగంట విన్న పిల్లల్లా బాట పక్కనున్న పంపుహౌసు వెనక్కి పరుగుతీశాయి.

రోడ్డు పక్క కమ్మీల మీదుగా నెరిసిన మీసం తొంగిచూసింది.

"చుట్టూ తిరిగొచ్చేసరికి ఆలస్యమైందమ్మా. వాటికి తిండి పెట్టాలి. లోపలికి రావచ్చా? బోర్డుంది మరి."

"రండి బాబూ, రండి! బోర్డు సంగతి నేను చూసుకుంటాను."

ఆయన సంచీలోంచి డబ్బాలు తీసి, పంపుహౌసు వెనక బోర్లించి ఉన్న గిన్నెలు తిప్పి వడ్డించాడు. ఒక్క కుక్క కూడా వరస తప్పలేదు.

"ఇదా మీ పని? ముందే చెప్పొచ్చుగా!" ప్రెసిడెంటమ్మ ఇంకా బెంచీ దిగలేదు.

"చెప్తే వాటితోపాటు నన్నూ తరిమేస్తారేమోనని."

"అసలు మీకెందుకండీ ఈ తలనొప్పి?"

ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు.

"కార్పొరేషనులో గుమాస్తాగా చేసి రిటైరయ్యానమ్మా. ఈ వంపు దగ్గరి కుక్కల గురించి ఎవరో ఒకావిడ అర్జీ పెట్టారు. 'డాక్టరు నడవమంటున్నాడు, ఇవి నడవనివ్వడం లేదు, నేనెవరి మాట వినాలి?' అని రాశారు. చదివి నవ్వుకున్నాం గానీ, పైవాళ్ళెవరూ పట్టించుకోలేదు. నా బల్ల మీద తేలకుండా ఉండిపోయింది అదొక్కటే. రిటైరయ్యాక తీరిక దొరికింది కదా అని..."

ప్రెసిడెంటమ్మ పక్కింటావిడ చెయ్యి పట్టుకుని మెల్లగా బెంచీ దిగింది.

తన అర్జీకి జవాబు ఇన్నాళ్ళూ రోజూ సైకిలెక్కి గంట కొట్టుకుంటూ వస్తూనే ఉందనీ, తను ప్రవేశం లేదని బోర్డు పెట్టించింది దానికేననీ ఆమెకు అప్పుడు తెలిసింది.