పెద్దింట్లమ్మ గారూ, లేవండి

కృత్తివెన్ను దగ్గర తమ రొయ్యల చెరువుల కోసం వీరదుర్గ లాప్‌టాప్‌లో ఒక స్క్రిప్టు రాసింది. నీటిలో ఆక్సిజన్ తగ్గితే అది కమాండ్ నడిపి ఏరేటర్లు తిప్పుతుంది. కాపలా ఉన్నవాళ్ళని స్పీకర్లో పేరుపెట్టి లేపుతుంది. ఆ పేరు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే స్క్రిప్టు నడిచేటప్పుడు చూసుకునే చోట, ఉంటుంది. ఆ రాత్రి వీరదుర్గ అందులో మావగారు అంకమ్మరావు పేరు పెట్టింది.

అంతా మాటుమణిగాక స్పీకర్ పలికింది. "పెద్దింట్లమ్మ గారూ, లేవండి."

వీరదుర్గ ఉలిక్కిపడి స్క్రీన్ చూసింది. వేరియబుల్‌లో అంకమ్మరావు పేరే ఉంది. స్క్రిప్టు ఆపేసింది. అది ఆగితే అందులో పెట్టిన పేరూ, స్పీకర్ పిలుపూ దాంతోపాటే ఆగిపోవాలి.

"పెద్దింట్లమ్మ గారూ, లేవండి" అంది స్పీకర్ మళ్ళీ.

"మావయ్య గారూ! పెద్దింట్లమ్మ ఎవరండీ?"

మడత మంచం మీద అంకమ్మరావు కళ్ళు తెరవలేదు. "మా అమ్మ. నీ పెళ్ళికి ముందే పోయింది. ఈ గట్టు మీద కాపలా ఆవిడదే."

"ఆవిణ్ణి లేపుతోందండీ!"

"మంచిదేగా. ఇక నేనెందుకు లేవడం?" అంటూ ముసుగుతన్ని అటు తిరిగాడు.

స్పీకర్ ఆగింది. కప్పల బెకబెకలూ ఆగాయి. చీకట్లో, గట్టు చివర నుంచి, ఒక ముసలి గొంతు విసుగ్గా వినపడింది.

"వస్తున్నానమ్మా. ముందు ఆ దున్నపోతుని లేపు."

అంకమ్మరావు అప్పటికే లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.