చాసిస్ నంబరులో చివరి అంకె

మార్చి పదకొండు. ఆ రాత్రి నానక్‌రామ్‌గూడ షెడ్డులో బుల్లిబాబు, మెకానిక్ బాలనర్సయ్య జొన్నరొట్టెలు తిన్నారు. బుల్లిబాబుకు కారం పడదని బాలనర్సయ్య భార్య ఆయన వంతు కూర విడిగా, చప్పగా వండి పంపింది.

ఎదురుగా ఆరు సిలిండర్ల పాత ఇటాలియన్ కూపే కారు ఉంది. బుల్లిబాబు భార్య, చనిపోయిన పుణ్యవతి పుట్టింటివాళ్లు ఏనాడో అమ్ముకున్న కారు ఇదేనని అమ్మకానికి తెచ్చినవాడు ఒట్టేశాడు. అదే అయితేనే బాగుచేయిస్తానని బుల్లిబాబు పట్టు. మామగారి ఆర్‌సీ బుక్కులో చాసిస్ నంబరు చివర ఏడు ఉంది. సాయంత్రం చాసిస్, అంటే కారు అడుగు చట్రం మీద కొట్టిన నంబరుపై కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే చివర ఒకటి అంకె వచ్చింది.

తిన్నాక బుల్లిబాబు చేయి కడుక్కుని వచ్చి, ఆశ చావక మళ్లీ రుద్దాడు. ఏడు వచ్చింది.

ఆయన ముఖం జేవురించింది.

"జాలిపడి దొంగ అంకె కొట్టావా బాలనర్సయ్యా? పెళ్లాం పోయినవాణ్ణి ఏమార్చడానికి చేతులెలా వచ్చాయయ్యా నీకు?"

"మీ పక్కన్నే కూసొని తిన్న గద సార్! అంకె కొట్టాలంటే సుత్తె దెబ్బ పడాలె. ఇన్నరా మీరు?"

బుల్లిబాబు ఏ దెబ్బా వినలేదు. ఆ మాటతో కోపం ఇంకా రేగింది. టైరును కాలితో తన్నాడు.

"ఎవరి జాలీ నాకొద్దు! నిజం కావాలి!"

బాలనర్సయ్య ఆ అంకె మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాడు.

"కాల్తున్నది సార్. జర బయటికి నడువుండ్రి."

ఇద్దరూ వీధిలోకి వచ్చారు. బుల్లిబాబు కోపం ఇంకా తగ్గలేదు. వెనక, ఎవరూ లేని షెడ్డులో లైటు ఆరిపోయింది. నిద్రపోయేవాళ్లను లేపకూడదన్నట్టు, లోపలి నుంచి ఎవరో మెల్లగా తలుపు వేసుకున్నారు.