పది వేళ్ళు

“నా కంప్యూటర్ నాకిచ్చెయ్యండి! మా ఆవిడ నాతో మాటమాత్రమైనా చెప్పకుండా మీకిచ్చేసింది.” పాత కంప్యూటర్లు బాగుచేసి పిల్లలకు పంచే ఆ షెడ్డులోకి వస్తూనే గొడవకు దిగారు, రిటైరైన టైపిస్టుగారు. “అది ఆఫీసువాళ్ళు నాకు ప్రేమగా ఇచ్చింది.”

మెకానిక్ అమ్మాయి స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది. “అటక మీద దుప్పట్లో చుట్టిపెట్టినదేనా బాబాయ్? దాన్ని మళ్ళీ లేపేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఇందాకే ఆ అమ్మాయికిచ్చాను. మీరే అడిగి తీసుకోండి.”

కిటికీ పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల తలెత్తి నవ్వింది. “ఇది మీదా తాతయ్యా? ఎంత బాగుందో! ఇన్నాళ్ళూ అమ్మ ఫోన్‌లోనే, బొటనవేలితో చదువంతా లాక్కొచ్చాను.”

అని, చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టసాగింది.

అడగబోయిన ఆయన చూపు ఆ వేలి మీద పడింది. కాసేపు ఓపిక పట్టి చూశారు. ఇక ఉండబట్టలేకపోయారు.

“అయ్యో, అలా కాదమ్మా! మిగతా తొమ్మిది వేళ్ళూ తమాషా చూడ్డానికున్నాయా?” స్టూలు లాక్కుని కూర్చున్నారు. “మణికట్టు కాస్త పైకెత్తు. చూపు తెరమీదుండాలి. ఊఁ, కొట్టు నీ పేరు.”

కొట్టింది. అది ఎవరి పేరో ఇద్దరికీ అర్థం కాలేదు. పగలబడి నవ్వుకున్నారు.

అంతలో భార్య ఫోన్ చేసింది. “దొరికిందా మీ కంప్యూటర్? తెస్తున్నారా?”

“దొరికింది. మళ్ళీ ఉద్యోగంలో చేరింది,” అన్నారాయన. “నేనూ చేరాను. ఇంటికి రావడం కాస్త ఆలస్యమవుతుంది.”