రెండో మాత్ర

"ఇందాకే వేసుకున్నానే! ఎన్నిసార్లు మింగిస్తావు?" అంటూ అమ్మ నా చేతిలోని గ్లాసును తోసేసింది. నీళ్లు దుప్పటి మీద ఒలికాయి.

రోజూ రాత్రి ఇదే గొడవ. నిద్రమాత్ర పడకపోతే తెల్లవార్లూ తలుపులు బాదుతుంది. రెండు పడితే ప్రాణానికే ముప్పని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

"ఎవరిచ్చారమ్మా?" అన్నాను బుజ్జగింపుగా.

"ఇంకో పిల్ల. నీలా కసురుకోలేదు. తల నిమిరి మరీ ఇచ్చింది."

ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. ఒకప్పుడు రోగులచేత చేయించినట్టే తనూ నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించింది. నాకు నవ్వొచ్చింది. ఆమె తృప్తి కోసం బీరువా తాళం తీసి, రోజుకో గడి ఉన్న వారం మాత్రల డబ్బా తెచ్చి తెరిచాను.

ఈ రాత్రి గడి ఖాళీగా ఉంది. ఆ మాత్ర నా అరచేతిలో ఉంది కదా అనుకున్నాను. పక్కనే రేపటి గడి చూశాను. అదీ ఖాళీయే.

వీధి తలుపు గడియ లోపలినుంచి వేసే ఉంది. మందుల బీరువా తాళంచెవి నా మెడలోనే ఉంది.

"ఆ పిల్ల ఎటు వెళ్లిందమ్మా?"

"వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడింది, పాపం. ఎందుకొచ్చిందో మర్చిపోయినట్టుంది."

నీళ్లకని వెళ్లి వంటింట్లో నేనెంతసేపు ఉన్నానో గుర్తు తెచ్చుకోవాలని, మాత్ర పట్టుకుని అలాగే నిలబడ్డాను.