గంగాదేవి అల్లిన డైనోసార్

"పద్దెనిమిదో తేదీ ఆపరేషన్ మామా. నా కొడుకు గుండెకు," అంది గంగాదేవి, తనకొచ్చిన నాలుగు ముక్కల అరబ్బీలో.

"నువ్వు పోతే వీడి సంగతేంటి?" అంది ఇంటావిడ. అక్కడి అరబ్బు ఇళ్లలో పనిమనుషులు యజమానురాలిని మామా అనే పిలుస్తారు.

వీడంటే నాలుగేళ్ల ఫవాజ్. గంగాదేవి కాళ్లను చుట్టేసుకుని నిలబడ్డాడు. బ్నీద్ అల్ గార్ పేటలోని ఆ ఇంట్లో అందరి మాటా ఒక ఎత్తు, వాడి ఏడుపు ఒక ఎత్తు. పక్కన గంగాదేవి లేకపోతే మధ్యాహ్నం రెప్ప వాల్చడు. వాడు పడుకోకపోతే ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు.

"ఒప్పందం అయిపోయి ఎనిమిది నెలలైంది మామా."

"కాదన్నానా? నువ్వు లేకుండా వీడు మూడు రోజులు పడుకోనీ. నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెట్టి నేనే విమానం ఎక్కిస్తా."

ఆమె కోపంగా అనలేదు. అందుకే గంగాదేవి ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ఆ రోజు పదో తేదీ.

ఫవాజ్‌కు డైనోసార్లంటే ప్రాణం. ప్లాస్టిక్‌వి ఓ బుట్టెడున్నాయి. కానీ వాటిని కౌగిలించుకుంటే గుచ్చుకుంటాయి. మెత్తటిదొకటి అల్లుదామనుకుంది గంగాదేవి. ఊళ్లో వాకిలి తోరణాలు అల్లిన చెయ్యే. కూరగాయలకు పోయిన వంటమనిషి హమీదా బీ చేత ఆకుపచ్చ ఊలు, కొక్కెం సూది తెప్పించుకుంది. ఫోన్‌లో బొమ్మ చూసుకుంటూ, గిన్నెలు తోమడం అయ్యాక దొరికిన కాస్త సమయంలో వంటింటి మూల కూర్చుని అల్లింది.

"ఏంది గంగమ్మా ఇది, తొండా?" అడిగింది హమీదా బీ.

"డైనోసార్ అక్కా."

"మెడ ఇట్ల వాలిపోతాంది. కూడు పెట్టల్యా దానికి?"

గంగాదేవికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. దారం లాగేసి మెడ మళ్లీ అల్లింది. పన్నెండో తేదీకి నాలుగు కాళ్లూ, వీపు మీద ముళ్లూ, తోకా అయ్యాయి. దూది కూరి పొట్ట కుట్టేసింది.

పదమూడో తేదీ మధ్యాహ్నం ఫవాజ్ దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి గోడకేసి కొట్టాడు. "గంగా కావాలి" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. మామా గంగాదేవి వైపు ఒక్క చూపు చూసి తలుపు వేసుకుంది.

ఆ సాయంత్రం గంగాదేవి బొమ్మను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. కొడుకు ఉదయ్‌కుమార్ పసివాడిగా ఉన్నప్పుడు వేరుశనగ చేలోకి కూలికి పోతూ, కట్టి విడిచిన చీరను వాడి చుట్టూ చుట్టి పోయేది. తల్లి వాసన తగిలితే చాలు, సందేళ దాకా పడుకునేవాడు. చప్పున లేచింది. బొమ్మ పొట్ట విప్పి దూదంతా లాగేసింది. వారం రోజులుగా వేసుకుంటున్న పాత నైటీని ఉతక్కుండానే చించి, ఆ పేలికలు కూరి మళ్లీ కుట్టింది.

మరునాడు ఫవాజ్ ఏడుస్తూనే బొమ్మను మొహానికి ఆనించుకున్నాడు. ఏడుపు మధ్యలో ఆగింది. ముక్కు దాని పొట్టలో దూర్చి అయిదు నిమిషాల్లో నిద్రపోయాడు. తలుపు సందులోంచి చూసిన గంగాదేవికి సంతోషం కంటే ముందు ఉదయ్‌కుమార్ గుర్తొచ్చాడు. తన ఒంటి వాసన తన బిడ్డకు అందక రెండేళ్ల ఎనిమిది నెలలైంది.

"ఏం మంత్రం వేశావే?" అంది మామా ఆశ్చర్యంగా.

గంగాదేవి దాచుకోలేదు. నైటీ సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. మామా పకపకా నవ్వి, సాల్మియాలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పింది. పదిహేనున పడుకున్నాడు. పదహారున గంగాదేవి ఎదురుగా తిరుగుతున్నా పట్టించుకోకుండా బొమ్మను ఈడ్చుకుంటూ వెళ్లి పడుకున్నాడు.

"ఖలాస్. సామాను సర్దుకో," అంది మామా.

గంగాదేవి వెంటనే మొగుడు పెంచల్‌కు ఫోన్ చేసింది.

"రేపటికి ఆడుంటా. వాణ్ణి లోపలికి తీస్కపోయే లోపల నా మొగం సూపిస్తా."

"నిన్నే అడుగుతాండాడు. మాట్లాడు," అన్నాడు పెంచల్.

"మా, నిజ్జంగా వస్తాండావా? నువ్వు లేకుంటే నేను సూది ఏయించుకోను."

"వస్తాండా నాయనా. నువ్వు కండ్లు మూసేటప్పుడు నీ చెయ్యి పట్టుకోనే ఉంటా."

హమీదా బీ ఖర్జూరాల పొట్లం చేతిలో పెట్టి, "బిడ్డ బాగైనంక ఒక ఫొటో పంపు," అంది. ఫవాజ్ ఇంకా నిద్ర లేవలేదు. వాణ్ణి ఒకసారి ముట్టుకోవాలనిపించినా, లేస్తాడేమోనని గంగాదేవి దూరం నుంచే చూసి కారెక్కింది. మామానే నడుపుతోంది. తెరిచి ఉన్న ఆమె బ్యాగులో పాస్‌పోర్టు కనిపిస్తోంది. గంగాదేవి దాని మీంచి చూపు తిప్పలేదు.

కారు సాల్మియాలో ఓ ఇంటి ముందు ఆగింది.

"మా చెల్లెలితో ఒక మాట చెప్పి పోదాం. సంచీ కూడా తెచ్చుకో, కారులో ఎందుకు?"

తలుపు తీసిన చెల్లెలి చంకలో ఒక బిడ్డ, కాళ్ల దగ్గర ఇద్దరు. ముగ్గురూ ఏడుస్తున్నారు. మామా బ్యాగులోంచి పాస్‌పోర్టు తీసింది. గంగాదేవి సంచీ కింద పెట్టి రెండు చేతులూ చాపింది.

మామా దాన్ని చెల్లెలి చేతిలో పెట్టి, గంగాదేవి భుజం తట్టింది.

"ముగ్గురికీ మూడు అల్లి పెట్టు. తొందరేం లేదు."